గేటు ముందు కాపలా కాయకండి

రేపల్లె నుంచో నిజాంపట్నం నుంచో బయలుదేరి అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో వెళ్తున్నారా? పాస్‌పోర్టు, వీసా, పచ్చళ్ళు, సూట్‌కేసుల బరువు, అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకునే ఉంటారు. మరి రెండు విమానాల మధ్య ఉన్న ఖాళీ సంగతి? దుబాయ్‌లో ఐదు గంటలో, దోహాలో ఎనిమిది గంటలో ఆగాలని టిక్కెట్టు మీద ఉంటుంది. ఆ గంటల్లో ఏం తినాలి, ఎక్కడ నడుం వాల్చాలి అని ఎవరూ ముందుగా అనుకోరు.

అందుకే ఏం జరుగుతుందంటే, విమానం దిగగానే గేటు ఎక్కడుందో కనుక్కుని దాని ఎదుట కూర్చుండిపోతారు. బ్యాగులు కాళ్ళ మధ్య. పర్సు చంకలో. "కాస్త కాఫీ తాగుదామాండీ" అని ఆవిడ అంటే, "ఇక్కడ కాఫీ ఎంతుంటుందో తెలుసా? విమానంలో ఇస్తార్లే" అని ఆయన. అలా ఐదారు గంటలు నీరసంగా కూర్చుని, ఆ తర్వాత పదహారు గంటల విమానం ఎక్కుతారు. కాళ్ళు వాస్తాయి, తల పగిలిపోతుంది, షుగరు ఉన్నవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. అక్కడికి చేరాక మనవణ్ణి ఎత్తుకునే ఓపిక కూడా ఉండదు.

బండి మారడం మనకేమన్నా కొత్తా? రేపల్లె లైనులో పెరిగినవాళ్ళు తెనాలి స్టేషన్లో దిగి ఎన్నిసార్లు పెద్దబండి కోసం కాచుకోలేదు? ఏ ప్లాట్‌ఫారమో అడుగుతాం, బండి ఎంత లేటో కనుక్కుంటాం, ముందు టిఫిను కానిస్తాం, ఒకరు సామాను చూస్తుంటే ఇంకొకరు అలా తిరిగొస్తారు. విమానాశ్రయంలో చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే. భవనం పెద్దది, మైకులో భాష వేరు. అంతకుమించి తేడా లేదు.

ఇంటి దగ్గరే చేయాల్సినవి

1. విమానంలో భోజనం ముందే చెప్పించండి. టిక్కెట్టు కొన్న తర్వాత, విమానానికి 24 గంటల ముందు దాకా విమాన సంస్థలకు మీ భోజనం చెప్పుకోవచ్చు. అదనంగా డబ్బేమీ అక్కర్లేదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "మనం హిందువులమే కదా" అని హిందూ మీల్ ఎంచుకుంటారు. హిందూ మీల్ అంటే శాకాహారం కాదు. అందులో గొడ్డుమాంసం ఉండదు గానీ కోడి, మేక, చేప రావచ్చు. మీరు శాకాహారులైతే ఏషియన్ వెజిటేరియన్ అని పెట్టించండి. దాని గుర్తు ఏవీఎంఎల్. మన పప్పుకూరలకు కాస్త దగ్గరగా ఉండేది అదే. షుగరు ఉన్నవాళ్ళకు డీబీఎంఎల్ అని ఇంకొకటి ఉంది, కానీ అది చప్పగా ఉంటుంది. దానికి సిద్ధపడి చెప్పించుకోండి.

2. ఒక పూట తిండి చేతిసంచిలో ఉండాలి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం కష్టం ఇక్కడే తీరిపోతుంది.

ప్రయాణానికి చింతపండు పులిహోరను మించింది లేదు. పులుపు, పసుపు, నూనె, ఉప్పు, నాలుగూ అన్నాన్ని కాపాడతాయి. అయితే పులిహోర పాడయ్యేది చేయడంలో కాదు, కట్టడంలో. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి, నూనె, పసుపు కలిపి పూర్తిగా ఆరనివ్వండి. చెయ్యి పెడితే ఎక్కడా వెచ్చగా తగలకూడదు. అప్పుడు పులుసు, పోపు కలిపి మళ్ళీ ఆరబెట్టండి. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల ఆవిరి నీరై అన్నం మీద పడుతుంది, తెల్లారేసరికి జిగురొస్తుంది. డబ్బా కన్నా అరిటాకు మేలు. ఆకును పొయ్యి సెగ మీద అటూ ఇటూ ఒకసారి తిప్పితే మెత్తబడి, మడిచినా చిరగదు. పొట్లం కట్టి, పైన కాగితం చుట్టి, ఆపైన కవరు వేయండి. ఒక్కొక్కరికి ఒక్కో పొట్లం. తిన్నాక ఆకు చెత్తబుట్టలో వేసేస్తే మీ సంచి తేలికవుతుంది, కడగాల్సిన డబ్బా ఉండదు. ఎండాకాలమైతే తినేముందు ఒకసారి వాసన చూడండి. ఏ కాస్త అనుమానమున్నా పారేయండి.

పులిహోరతో పాటు నాలుగు సున్నుండలు, జంతికలు, కారప్పొడి రాసిన ఇడ్లీలు పెట్టుకోవచ్చు. కొబ్బరి పచ్చడి వద్దు, పూట తిరిగేసరికి పులుస్తుంది. పెరుగు డబ్బా సెక్యూరిటీ దగ్గర ఆగిపోవచ్చు, ఎందుకంటే చేతిసంచిలో నీళ్ళలాంటివి, మెత్తటివి ఏవైనా సీసాకు 100 మిల్లీలీటర్లకు మించకూడదు. నూనె ఓడే ఆవకాయ, గోంగూర పచ్చడి కూడా చేతిసంచిలో కాదు, పెద్ద పెట్టెలోనే.

3. కొన్ని అసలు పెట్టకండి. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్ళేవాళ్ళు గసగసాలు తీసుకెళ్ళకూడదు. యూఏఈలో అవి మత్తుపదార్థాల కింద లెక్క. పొట్లంగానే కాదు, కోడికూర మసాలాలో కలిపి కొట్టి ఉన్నా ప్రమాదమే. "ఇంట్లో చేసిన పొడేగా" అనుకోవద్దు, అందులో ఏమున్నాయో ఇంట్లో అడిగి మరీ సర్దుకోండి. ఎండు కొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ గనుక నిప్పంటుకునే సరుకు కింద చూస్తారు, చెకిన్ సామానులో ఒప్పుకోరు. ఇక నిజాంపట్నం నుంచి వెళ్ళేవాళ్ళు ఎండురొయ్యలు లేకుండా కదులుతారా? తీసుకెళ్ళండి, కానీ రెండు మూడు కవర్లలో గాలి పోకుండా కట్టించి పెద్ద పెట్టెలో వేయండి. చేతిసంచిలో పెట్టుకుంటే పక్కవాళ్ళకూ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

4. కార్డు, ఫోను సిద్ధం చేసుకోండి. మన బ్యాంకు కార్డులు మామూలుగా విదేశాల్లో పనిచేయవు. బ్యాంకు యాప్‌లోనో, బ్యాంకుకు వెళ్ళో ఆ సదుపాయం తెరిపించుకోవాలి. దుబాయ్‌లో డాలర్లు తీసుకుంటారు గానీ చిల్లర దిర్హాముల్లో ఇస్తారు, కాబట్టి పెద్ద నోటు ఇవ్వకండి. మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

శంషాబాద్‌లో ఆగాల్సి వస్తే

గన్నవరంలో ఎక్కి శంషాబాద్‌లో మారేవాళ్ళు ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రెండు విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉన్నాయా, విడివిడిగా కొన్నారా? విడివిడిగా అయితే శంషాబాద్‌లో సామాను తీసుకుని, మళ్ళీ చెకిన్ చేయాలి. దానికి టైము పెట్టుకుని మిగిలింది మాత్రమే మీ ఖాళీ అనుకోండి. దేశంలో తిరిగే విమానాలకూ విదేశాలకు వెళ్ళే విమానాలకూ అక్కడ ఒకటే భవనం, కాబట్టి బస్సెక్కి వేరే టెర్మినల్‌కు పోవాల్సిన పని లేదు.

హైదరాబాద్‌లో చుట్టాలున్నారా? వీడ్కోలు చెప్పడానికి వస్తామంటే భవనం బయట ఎయిర్‌పోర్ట్ విలేజ్ అనే చోట కలుసుకోండి. కూర్చోడానికి చోటుంటుంది, తినడానికి దొరుకుతుంది. వాళ్ళు ఇంటి నుంచి వేడిగా ఏదన్నా తెస్తే అక్కడే తినేసి లోపలికి వెళ్ళండి. పప్పూ అన్నం తిని ఎక్కే అవకాశం మళ్ళీ ఒకరోజు దాకా రాదు.

మన దేశంలో విమానాశ్రయం అనగానే "టీ రెండొందలు" అన్న భయం ఉంది, అది ఊరికే పుట్టింది కాదు. ఆ భయం పోగొట్టడానికే ఉడాన్ యాత్రీ కేఫ్ పేరుతో చవక కౌంటర్లు మొదలయ్యాయి. 2024 డిసెంబరులో కోల్‌కతాలో మొదటిది తెరిచారు. టీ ₹10, నీళ్ళ సీసా ₹10, సమోసా ₹20. తర్వాత చెన్నైలోనూ వచ్చింది. మీరు ఆగే చోట ఉందేమో సిబ్బందిని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు? అలాగే మీ డెబిట్ కార్డు మీద లాంజ్ ప్రవేశం ఉందేమో బ్యాంకులో కనుక్కోండి. చాలా కార్డులకు ఉంటుంది, చాలామందికి తెలియదు. లాంజ్‌లో ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నంలాంటివి కడుపునిండా తినొచ్చు. అయితే రెండు మూడు గంటలకు మించి ఉండనివ్వరు, కాబట్టి దిగగానే కాకుండా మీ భోజనం వేళ చూసుకుని వెళ్ళండి.

విదేశంలో దిగిన మొదటి అరగంట

5. వాచీ మార్చండి. మనకన్నా దుబాయ్ గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. విమానం పదింపావుకు అని టిక్కెట్టు మీద ఉంది, మీ వాచీలో పదిన్నర చూపిస్తోంది అనుకోండి. "అయ్యో, విమానం పోయింది" అని గుండె జారిపోతుంది. దుబాయ్‌లో అప్పటికి తొమ్మిదే. సింగపూర్ మీదుగా వెళ్తే దీనికి తలకిందులు, అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మన టైము నమ్ముకుంటే నిజంగానే విమానం తప్పుతుంది.

6. తెర చూడండి, గేటు చూడండి, అక్కణ్ణుంచి వచ్చేయండి. బోర్డింగ్ పాస్ మీద ఉన్న గేటు మారొచ్చు. విమానాల పట్టిక ఉన్న పెద్ద తెరల మీద ఇప్పుడున్న గేటు చూసి, ఒకసారి అక్కడిదాకా నడిచి, ఎంతసేపు పట్టిందో గుర్తుపెట్టుకోండి. దుబాయ్ మూడో టెర్మినల్‌లో ఏ, బీ, సీ అని మూడు భాగాలు. బీ నుంచి ఏకి లోపలి రైలులో వెళ్ళాలి. ఇది తెలియకపోతే చివరి నిమిషంలో పరుగులే. గేటు తెలిసింది, దూరం తెలిసింది. ఇక అక్కడ మీరు కూర్చున్నా కూర్చోకపోయినా విమానం టైముకే కదులుతుంది. గంటంబావు ముందు తిరిగి వస్తే చాలు.

7. ఇంటికి కబురు చెప్పండి. యూఏఈలో వాట్సాప్ కాల్ మామూలుగా కలవదు. అక్కడి నియమం అది, మీ ఫోను పాడవలేదు. కాల్ కలవక మీరూ కంగారుపడి, అమెరికాలో పిల్లలూ కంగారుపడే బదులు ఉచిత వైఫై పట్టుకుని ఒక వాయిస్ మెసేజ్ పంపండి. "దిగాం నాన్నా, గేటు చూసుకున్నాం, ఇప్పుడు తింటున్నాం" అంటే చాలు, అబ్బాయి నిశ్చింతగా పడుకుంటాడు.

మంచి తిండి దొరకబుచ్చుకోవడం

మొదట కనిపించిన కొట్టులో కొనకండి. ఒక రౌండు తిరగండి. గేట్ల పక్కనున్న చిన్న కొట్లలో గాజుపెట్టెలో పెట్టిన చల్లటి రొట్టెలే ఎక్కువ. నాలుగైదు వంటశాలలు ఒకచోట ఉండే ఫుడ్ కోర్టు కోసం చూడండి. ఎక్కడ జనం ఎక్కువగా తింటున్నారో అక్కడ వంటకం తాజాగా ఉంటుంది. యూనిఫాం వేసుకున్న సిబ్బంది ఎక్కడ తింటున్నారో గమనించండి. రోజూ తినేవాళ్ళు చెడ్డచోట తినరు, ఖరీదైన చోట అసలే తినరు. గల్ఫ్ విమానాశ్రయాల్లో పనిచేసేవాళ్ళలో మన దేశంవాళ్ళు చాలామంది. "బాబూ, ఇక్కడ అన్నం ఎక్కడ దొరుకుతుంది?" అని హిందీలోనో, అదృష్టం బాగుంటే తెలుగులోనో అడగొచ్చు.

అన్నమే కావాలని పట్టుబట్టకపోతే అరబ్బుల వంటల్లో మనకు నచ్చేవి ఉన్నాయి. ఫలాఫెల్ అంటే నానబెట్టిన శనగలు రుబ్బి, కొత్తిమీర కలిపి నూనెలో వేయించినవి. హమ్మస్ ఉడికిన శనగల ముద్ద, నిమ్మరసం, నువ్వుల గుజ్జు కలిపి చేస్తారు. లబన్ అని సీసాల్లో అమ్మేది మజ్జిగే. ఒక రొట్టె, హమ్మస్, లబన్ తీసుకుంటే ఒక మనిషికి కడుపు నిండుతుంది, శాకాహారం కూడా. విదేశాల్లో వెజిటేరియన్ అన్నదాంట్లో గుడ్డు ఉండొచ్చని మాత్రం మర్చిపోవద్దు. గుడ్డు తినకపోతే "నో ఎగ్, నో మీట్, నో ఫిష్" అని మూడూ విడివిడిగా చెప్పండి.

డబ్బు ఎక్కువనిపిస్తోందా? ఒక ప్లేటు అన్నం ఇద్దరికి సరిపోయేంత పెడతారు, ఒకటే తీసుకోండి. మీ పులిహోర పొట్లం ఉండనే ఉంది. వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా కప్పులు రెండు సంచిలో ఉంటే, కాఫీ కొన్నచోట వేడినీళ్ళు అడగండి. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి దగ్గరుంచుకుని, సెక్యూరిటీ దాటాక తాగునీటి కుళాయి దగ్గర నింపుకోండి. దుబాయ్, దోహాల్లో విమానం మారేటప్పుడు మళ్ళీ తనిఖీ ఉంటుంది. విమానంలో ఇచ్చిన నీళ్ళు అప్పటికే తాగేయాలి.

ఇంత చెప్పాక ఒక మాట. నలభై వేలో యాభై వేలో పెట్టి టిక్కెట్టు కొని, ఆరేడు వందల కాఫీ ఫలహారాల దగ్గర కడుపు మాడ్చుకోవడం పొదుపు కాదు. పిల్లలు మీ కోసం దాచిన డబ్బులో మీ ఆకలి కూడా ఒక లెక్కే. తినండి.

వీల్‌చెయిర్ పెట్టించుకున్నవాళ్ళకు

భాష రాదని, దారి తప్పుతారని పిల్లలు తల్లిదండ్రులకు వీల్‌చెయిర్ పెట్టిస్తుంటారు. మోకాళ్ళు నొప్పున్నవాళ్ళకు అది నిజంగా అవసరం. కానీ దానివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. సహాయకుడు మిమ్మల్ని తీసుకెళ్ళి ఒక హాల్లో కూర్చోబెట్టి, "వెయిట్" అని వెళ్ళిపోతాడు. గంటలు గడుస్తాయి. అక్కడ తిండి ఉండదు, లేచి వెళ్తే అతను వచ్చేస్తాడేమోనని భయం. అందుకని కుర్చీలో కూర్చోగానే "ముందు టాయిలెట్, తర్వాత ఫుడ్, ఆ తర్వాత గేటు" అని చెప్పండి. ఎన్నింటికి తిరిగొస్తాడో వేళ్ళతో చూపించమనండి. నడవగలిగినవాళ్ళు మాత్రం నడవడానికే చూడండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు విమానాల మధ్య ఆ నడక మీకు మందుతో సమానం.

మిగిలిన గంటలు

8. రెండు మూడు గంటలే ఉంటే గేటు, తిండి, టాయిలెట్. అంతే, ఇంకేమీ పెట్టుకోకండి. అబుదాబి మీదుగా అమెరికా వెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబుదాబిలోనే జరుగుతోంది. క్యూ పెద్దదైతే గంటకు పైనే పట్టొచ్చు, నీళ్ళ సీసా మళ్ళీ ఖాళీ చేయాలి. తినడమంతా దానికి ముందే ముగించండి.

9. ఐదారు గంటలుంటే తిన్నాక నడవండి. దోహా హమద్ విమానాశ్రయంలో దీపం నెత్తిన పెట్టుకున్న పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంది, స్విట్జర్లాండ్ శిల్పి ఉర్స్ ఫిషర్ చేసింది. ఎవరన్నా తప్పిపోతే అక్కడ కలుద్దాం అని గుర్తు పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. 2022లో తెరిచిన ఆర్చర్డ్ అనే లోపలి తోట ఉంది, చెట్ల మధ్య కూర్చోవచ్చు. సింగపూర్ ఛాంగీ మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట, ఉచితంగా సినిమా చూసే హాలు ఉన్నాయి. అందరూ చెప్పే జ్యూయెల్ జలపాతం మాత్రం ఇమ్మిగ్రేషన్ బయట ఉంది. వీసా లేకుండా అటు వెళ్ళాలని చూడకండి.

ఇంకో పని చేయొచ్చు. ఫోనులో రికార్డర్ పెట్టి మీ మనవలకు ఊరి కథ చెప్పండి. ఇంటి దగ్గర దీనికి తీరిక దొరకదు. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం చేరేముందు మన నిజాంపట్నం రేవులోనే ఆగిందని, అప్పట్లో ఈ ఊరిని పెటాపోలి అని రాసుకున్నారని, వాళ్ళకన్నా ముందే డచ్చివాళ్ళు ఇక్కడ కొట్టు పెట్టారని అమెరికాలో పుట్టిన పిల్లలకు ఎవరు చెబుతారు? మడ అడవుల పక్క నుంచి వేటకెళ్ళే పడవలు, తెల్లవారుజామున రేవులో చేపల పాట, మీరు కళ్ళారా చూసినవి చెప్పండి. పది నిమిషాలకొకటి చొప్పున పంపితే అక్కడ వాళ్ళు నిద్రలేచాక వింటారు.

10. ఎనిమిది గంటలు దాటితే నిద్ర కావాలి. టిక్కెట్టు కొనేటప్పుడే "ఇంతసేపు ఆగాలి కదా, హోటల్ ఇస్తారా?" అని విమాన సంస్థను అడిగించండి. కొన్ని సంస్థలు షరతులతో ఇస్తాయి, అడగనివాళ్ళకు తెలియదు. లేకపోతే దోహాలో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ విడిగా నిశ్శబ్ద గదులున్నాయి, ఉచితం. దుబాయ్‌లో వెనక్కి వాలే కుర్చీలుంటాయి. బ్యాగు పట్టీ కాలికి చుట్టుకుని, పాస్‌పోర్టు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, స్థానిక టైముకు అలారం పెట్టి పడుకోండి. ఇద్దరున్నారు కదా, ఒకరు పడుకుంటే ఇంకొకరు మేలుకోండి.

ఎక్కేముందు

గంటంబావు ముందు తెర మళ్ళీ చూడండి. గేటు మారిందా? టాయిలెట్‌కు వెళ్ళి రండి, మాత్రలు వేసుకోండి. విమానం కదిలాక భోజనం పళ్ళెం మీ ముందుకొచ్చేసరికి గంటన్నర దాటొచ్చు, కాబట్టి సున్నుండలు పై అరలోని సంచిలో కాకుండా చేతికందే చోట పెట్టుకోండి. సంచిలో అరటిపండో జామకాయో మిగిలి ఉంటే అమెరికాలో దిగేలోపు తినేయండి. అక్కడ పండ్లు, మాంసం కస్టమ్స్‌లో ఆపుతారు. మిగతా తిండి ఏదున్నా "ఫుడ్ ఉందా?" అని అడిగినప్పుడు "ఎస్" అనే చెప్పండి. ఉందని చెప్తే చూసి పంపేస్తారు, లేదని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు.